తూర్పు ముఖంగా భారతదేశం

ఎల్.బి.నగర్,
డిసెంబరు 8.

గౌరవనీయులైన వదినె గారికి యాదలక్ష్మి నమస్కారాలు.

సర్వపిండి తిన్నాక డబ్బా అడుగున కాగితం కనిపించి మీరు కంగారు పడి ఉంటారు. అందరూ క్షేమమే. మీ కోడలు, నా బిడ్డ శ్రీకళ రోజూ మీ ఇంటి నుండి మెట్రోలో ఇటు దవాఖానకు డ్యూటీకి వస్తుంది, మధ్యాహ్నం నా దగ్గర అన్నం తిని పోతుంది. ఆమె చేతికే డబ్బా ఇస్తున్నాను. కానీ లోపల ఉత్తరం ఉందని ఆమెకు తెలియదు, తెలియకూడదు.

విషయం ఏమిటంటే, నేను ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాస్తున్నాను. రాయడం ఇది మూడోసారి. తెలుగు, ఇంగ్లీషు, మిగతావన్నీ పాసయ్యాను. ఇంగ్లీషులో అరవై రెండు కూడా వచ్చాయి. ఒక్క సాంఘిక శాస్త్రమే నన్ను పట్టుకుని వదలడం లేదు. మొదటిసారి ఇరవై తొమ్మిది, రెండోసారి ముప్పై ఒకటి. రెండుసార్లూ "ఇచ్చిన భారతదేశ పటంలో ఈ క్రింది వాటిని గుర్తించుము" అన్న ప్రశ్న దగ్గర పటాన్ని తెల్లగా వదిలేసి వచ్చాను. వదినె, ఆ గీతలు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. దేశం ఎక్కడ మొదలైందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలియదు.

ఎందుకింత ఆరాటం అంటారేమో. మా అంగన్‌వాడీలో టీచరమ్మ రిటైరయింది. టెన్త్ పాసైన ఆయా ఉంటే ఆ పోస్టు ఆమెకే ఇస్తారు, వయసు నలభై అయిదు దాటకూడదు. నాకు ఆగస్టులో దాటుతుంది. ఈసారి పోతే కొత్త మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటుంది, నేను ఇంకో పదిహేనేళ్ళు గిన్నెలు కడుగుతూ ఉంటాను. పన్నెండేళ్ళుగా ఆ పిల్లలకు పాటలు, అక్షరాలు నేర్పింది నేను. టీచరమ్మకు రిజిస్టర్లు నింపడానికే పొద్దు సరిపోయేది కాదు.

రెండోసారి తప్పినప్పుడు శ్రీకళ "ఇగ చాలమ్మా, నలుగుర్ల నవ్వులపాలైతున్నం" అన్నది. ఆమె తప్పు లేదు, నా మీద ప్రేమతోనే అన్నది. కానీ పాసయ్యే దాకా ఆమెకు చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను. మా ఆయన బిక్షమయ్యకు ఒక్కడికే తెలుసు, ఆయన నోరు విప్పడు.

మీరు ఆ రోజుల్లోనే మెట్రిక్ పాసైనవారు. పెళ్ళి మాటల్లో మీ ఆయన ఎంత గొప్పగా చెప్పారో నాకింకా జ్ఞాపకం. నాకు జర పటం నేర్పండి. ఫోను వద్దు, మీ ఇంట్లో నలుగురు వింటారు. అదీగాక మూడు గంటలు ఆపకుండా రాయాలంటే చెయ్యి తిరగాలి. అందుకే ఉత్తరం, అది కూడా పరీక్షలో రాసినట్టు పుస్తకం తెలుగులోనే.

మీ యాదలక్ష్మి (ఆయా)


దిల్‌సుఖ్‌నగర్,
డిసెంబరు 14.

చిరంజీవి సౌభాగ్యవతి యాదలక్ష్మి వదినకు కోటేశ్వరమ్మ ఆశీస్సులు.

ఉత్తరం చదివి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మీ అన్నయ్యగారు హాల్లోంచి "ఏమిటే?" అంటే పప్పు మాడిందన్నాను. పప్పు మాడితే నవ్వుతారా అని ఆయనకు అనుమానం రాలేదు. మగవాళ్ళతో అదొక సుఖం.

మీ ఉత్తరంలో సగం నూనె మయం. "సాంఘిక" చదవగలిగాను గానీ "శాస్త్రం" మీద సర్వపిండి ముక్క అంటుకుని ఉంది. అయినా అర్థమైంది.

నేర్పుతాను. మీరు అడిగిందే మంచి మనిషిని. మీ అన్నయ్యగారు ఇక్కడి నుంచి బాలాపూర్ దాకా తిరిగి జనం ప్లాట్లకు వాస్తు చెబుతుంటే, ఆ పుస్తకాలన్నీ దులిపి సర్దేది నేను. దిక్కులు నాకు కొట్టిన పిండి. భారతదేశం అంటే ఏమిటి వదినా? ఒక స్థలం. అంతే.

ఈశాన్యంలో నీళ్ళుండాలి. అస్సాం చూడండి, బ్రహ్మపుత్ర. దేశంలో ఎక్కువ వాన పడేదీ అటే. ఆగ్నేయం పొయ్యి. మా గుంటూరు అటువైపే ఉంది, మిరపకాయ ఊరికే పండుతుందా? నైరుతిలో బరువు, మెరక ఉండాలి. పడమటి కనుమలు, ఆనైముడి శిఖరం అక్కడే. వాయవ్యం గాలికి. థార్ ఎడారి, ఇసుక గాలులు. ఒక్కటే లోపం, ఉత్తరం మెరకైపోయింది, దక్షిణాన నీళ్ళున్నాయి. ఆయనైతే ఈ స్థలం కొనొద్దనేవారు. హిమాలయాలను వాస్తు దోషం కింద గుర్తు పెట్టుకోండి, జన్మలో మరిచిపోరు.

ఇక పద్ధతి. గోడకి వేలాడదీసిన పటం చూసి ఎవరికీ చదువు రాదు. పటాన్ని నేల మీద పరవండి. పటంలో ఉత్తరం నిజమైన ఉత్తరం వైపే ఉండాలి. మీరు తూర్పు ముఖంగా కూర్చోవాలి. చదువుకునే వాళ్ళు ఎప్పుడూ తూర్పు ముఖమే. ఇందులో తేడా వస్తే నా పూచీ లేదు.

డబ్బా నిండా ఆవకాయ పెట్టాను.

కోటేశ్వరమ్మ


ఎల్.బి.నగర్,
డిసెంబరు 28.

వదినె గారికి నమస్కారాలు.

వచ్చేసింది వదినె! దేశం నాకు వచ్చేసింది.

మా గది కిరాయిదే అయినా అదృష్టం కొద్దీ వాస్తు కుదిరింది. నేల తుడిచి పటం పరిచి తూర్పు ముఖంగా కూర్చున్నాను. కాశ్మీరు నా ఎడమ చేతికి వచ్చింది, కన్యాకుమారి కుడి చేతికి పోయింది, గుజరాత్ ముక్కు నా ఒళ్ళోకి పొడుచుకొచ్చింది. ఎదురుగా ఎడమ మూల దేవుడి పటాలు, అది అస్సాం. ఎదురుగా కుడి మూల గ్యాసు పొయ్యి, అది మీ ఆంధ్ర, మద్రాసు. రెంటి నడుమ గోడకు నీళ్ళ బిందె, అది కలకత్తా. బిందె కింద కారిన నీళ్ళు చిలికా సరస్సు. నా కుడి భుజం వెనక బీరువా, పడమటి కనుమలు. ఎడమ భుజం వెనక కిటికీ, దుమ్ము లోపలికి వచ్చేది దానిలోంచే, అది థార్.

ఇప్పుడు వంట చేస్తున్నంత సేపూ దేశమంతా తిరుగుతున్నాను. మా ఆయన "నా అంగీ ఏడ పెట్టినవ్?" అంటే "కేరళల చూడు" అన్నాను. ఆయన చాలాసేపు నన్నే చూసి, తర్వాత బీరువా తీశాడు. తెలివైన మనిషి.

అంగన్‌వాడీలో కూడా పిల్లలను నేల మీద దేశంలాగా కూర్చోబెట్టాను. రాజస్థాన్ ఏడ్చింది. కేరళ నిద్రపోయింది. బెంగాల్ లేచి వెళ్ళి ఒడిశా గుడ్డు తినేసింది. సూపర్‌వైజర్ మేడమ్ అప్పుడే వచ్చి ఇదేం ఆట అని అడిగితే భూగోళం అన్నాను. కొత్త టీచర్ పోస్టు జులైలో నింపుతారని ఆమే చెప్పింది.

మీ రుణం తీర్చుకోలేను. ఒక్క కోరిక. మీ టెన్త్ మార్కుల మెమో ఒకసారి డబ్బాలో పంపండి. దేవుడి పటాల పక్కన పెట్టి దండం పెట్టుకుని వాపసు ఇస్తాను. పాసైన కాగితం ఇంట్లో ఉంటే ధైర్యంగా ఉంటుంది.

మీ యాదలక్ష్మి (ఆయా)


దిల్‌సుఖ్‌నగర్,
జనవరి 5.

వదినకు,

మూడు రోజులుగా ఈ ఉత్తరం రాసి చింపుతున్నాను. ఇది నాలుగోది.

మెమో లేదు. పోలేదు, చెదలు తినలేదు. అసలు లేదు. నేను పదో తరగతి తప్పాను వదినా. ఎనభై నాలుగులో, ఇంగ్లీషులో, ఇరవై ఏడు మార్కులు. పెళ్ళివాళ్ళు వచ్చినప్పుడు మా నాన్న "అమ్మాయి మెట్రిక్" అన్నాడు. చదివిందన్నాడు, పాసైందనలేదు. వాళ్ళు పాసనుకున్నారు. ఆ రోజు నుంచి ముప్పై ఎనిమిదేళ్ళుగా మీ అన్నయ్యగారు ఇంటికి ఎవరొచ్చినా, ప్లాటు కొనే వాళ్ళొచ్చినా "మా ఆవిడ ఆ కాలంలోనే మెట్రిక్" అని మొదలుపెడతారు. నేను కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళిపోతాను. మా ఇంట్లో ఇంత కాఫీ తాగడానికి కారణం అదే.

మీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. దేవుడి పక్కన పెట్టి దండం పెడతానన్నారు!

మీకు నా మీద గౌరవం పోయి ఉంటే పోనివ్వండి. దిక్కులు మాత్రం నిజమే, వాటిని వదలకండి.

ఇంకో మాట. ఈసారి ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పంపారు, మంచి పని చేశారు. ఒక్క నూనె చుక్క అంటలేదు.

కోటేశ్వరమ్మ


ఎల్.బి.నగర్,
జనవరి 9.

వదినె గారికి,

నవ్వీ నవ్వీ నాకు పక్కటెముకలు నొస్తున్నాయి. కోపం తెచ్చుకోకండి. రెండేళ్ళుగా నేను మీ ముందు కూర్చోవాలంటే చీర సర్దుకునేదాన్ని, మెట్రిక్ పాసైన మనిషి అని. ఇప్పుడు మీరు ఒక్క సబ్జెక్టు తప్పారు, నేనూ ఒక్క సబ్జెక్టు తప్పాను. ఇంత బాగా కుదిరిన వియ్యం హైదరాబాదులో ఇంకోటి ఉండదు.

అందుకే మీ తరఫున నేను ఒక పని చేశాను. ఓపెన్ స్కూల్ ఫారం తెచ్చాను. ఆలస్య రుసుముతో ఇంకా నాలుగు రోజులుంది. డబ్బా అడుగున మడిచి పెట్టాను. నాలుగు ఫోటోలు, ఒక సంతకం, అంతే. పాత మార్కులు చెల్లవు, అన్నీ మళ్ళీ రాయాలి, కానీ లెక్కలకు బదులు గృహవిజ్ఞానం తీసుకోవచ్చు. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న పరీక్షలో మిమ్మల్ని ఎవరు తప్పిస్తారు? ఇంగ్లీషు నా పూచీ.

పెళ్ళికి ముందు మూడేళ్ళు నేను ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేశాను. అక్కడ నేర్చుకున్నదేమిటంటే, ఇంగ్లీషు పాఠాల్లో ఉండదు, అవసరంలో ఉంటుంది. పరీక్షలో ఒక ఉత్తరం తప్పకుండా వస్తుంది. రోజుకు ఒక ఫిర్యాదు రాయండి. పైన ఎవరికి, కింద విషయం, తర్వాత ‘రెస్పెక్టెడ్ సర్’, తర్వాత మీ కడుపుమంట. పప్పు మాడితే గ్యాసు వాళ్ళకు, నీళ్ళు రాకపోతే నీళ్ళ వాళ్ళకు. ఎవరికీ పంపొద్దు, నాకు పంపండి, ఎర్ర పెన్నుతో దిద్దుతాను.

అన్నయ్య గారికి ఎక్కడికి పోతున్నానని చెప్పాలో మీరే చూసుకోండి. మీ ఊరి సాయిబాబా గుడి ఉండనే ఉంది.

కవరు సంగతి నాకు తెలియదు. నేను మామూలుగా మడిచే పెట్టాను.

మీ యాదలక్ష్మి (ఆయా, ఇంగ్లీషు మేడమ్)


దిల్‌సుఖ్‌నగర్,
ఫిబ్రవరి 21.

ఇంగ్లీషు మేడమ్ గారికి,

ప్రమాదం జరిగింది. కానీ ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

మీరు చెప్పినట్టే రోజుకో ఫిర్యాదు రాస్తున్నాను. మొన్న మా సందు చివర కాలువ మూత గురించి రాశాను. ఆ మూత విరిగి ఏడాదైంది, అందరం పక్కనుంచి నడవడం నేర్చుకున్నాం. ‘రెస్పెక్టెడ్ సర్, ద లిడ్ ఈజ్ బ్రోకెన్. ఓల్డ్ పీపుల్ ఆర్ ఫాలింగ్. చిల్డ్రన్ ఆర్ జంపింగ్. ప్లీజ్ కమ్ అండ్ సీ విత్ యువర్ ఐస్’ అని. బాగా కుదిరిందనిపించి చివర సంతకం కూడా చేసి, మీకు పంపడానికి ఫ్రిజ్ మీద పెట్టాను.

మీ అన్నయ్యగారు దాన్ని చూశారు. నిజం ఫిర్యాదే అనుకున్నారు. నాకు చెప్పకుండా తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చి, స్టాంపు కూడా వేయించుకొచ్చారు. తప్పులన్నీ ఆ ఆఫీసరు చదువుతాడు కదా!

ఐదో రోజు పొద్దున్నే ముగ్గురు మనుషులు వచ్చారు. కొత్త మూత వేశారు వదినా! వాళ్ళలో ఒకాయన మా గేటు దగ్గరకొచ్చి "కోటేశ్వరమ్మగారంటే ఎవరండీ? సారు ఒకసారి చూసి రమ్మన్నారు, మీ కళ్ళతో చూడమని రాశారంట" అన్నాడు. సందంతా చప్పట్లు కొట్టింది. ఒక పెద్దాయన మూత మీద నిలబడి ఫోటో దిగాడు. మీ అన్నయ్యగారు మూత చుట్టూ తిరుగుతూ కనబడ్డ ప్రతివాళ్ళతో "మెట్రిక్ మరి! ఆ కాలం మెట్రిక్!" అంటున్నారు.

నేను లోపలికి వెళ్ళి పన్నెండు మందికి కాఫీ పెట్టాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా ఇంగ్లీషు పనిచేసింది వదినా, రోడ్డు మీద ఇనుప మూతై కూర్చుంది. కానీ ఆయన అంత సంబరపడుతుంటే మాత్రం లోపల గుచ్చుకుంది. ఈ పరీక్ష ఇక తప్పకుండా పాసవ్వాలి.

కోటేశ్వరమ్మ


ఎల్.బి.నగర్,
మార్చి 2.

వదినె గారికి,

మీ ఫిర్యాదు నకలుకు పదికి ఎనిమిది వేశాను. ‘ప్లీజ్ కమ్ అండ్ సీ’ అంటే చాలు, కళ్ళు వాళ్ళు ఎలాగూ తెచ్చుకుంటారు. కానీ కొట్టివేయలేదు. ఆ ముక్కకే మూత వచ్చింది.

ఇప్పుడు మీకు ఉత్తరం చాలు, పాఠం చదివి జవాబులు రాసే పని మొదలుపెట్టండి. ముందు ప్రశ్నలు చదవండి, తర్వాత పాఠం. సంతకు పోయే ముందు కూరగాయల జాబితా చూసుకున్నట్టు.

నేను రోజూ పొద్దున్నే దేశంలో గంటసేపు కూర్చుంటున్నాను. కళ్ళు మూసుకుని కూడా వేలు పెట్టగలను. శ్రీకళ మొన్న అకస్మాత్తుగా వస్తే పటం మీద బియ్యం పోసి ఏరుతున్నట్టు నటించాను. ఆమె కాసేపు నిలబడి "అమ్మా, బియ్యంల రాళ్ళు మస్తున్నయా?" అని అడిగి, నా పక్కన కూర్చుని ఒడిశా మీద బియ్యం ఏరింది. నా ప్రాణం పోయి వచ్చింది.

మీ యాదలక్ష్మి (ఆయా)


దిల్‌సుఖ్‌నగర్,
ఏప్రిల్ 16.

వదినకు,

చిన్న ఉత్తరం. పరీక్షలు దగ్గరపడ్డాయి కదా, ఆరోగ్యం జాగ్రత్త. మీ పరీక్ష హాల్లో బల్లలు ఎటు ముఖంగా ఉంటాయో కుదిరితే ముందే చూసి రండి. తూర్పు అయితే మంచిది. ఎందుకని అడగకండి, ఊరికే అన్నాను. ఊరికే.

పులిహోర పెట్టాను.

కోటేశ్వరమ్మ


ఎల్.బి.నగర్,
ఏప్రిల్ 26.

వదినె గారికి,

మీరు జ్యోతిష్యం కూడా చదివారా? బల్లలు పడమర ముఖం!

మొదటి నుండి చెబుతాను. పరీక్ష మధ్యాహ్నం. మా ఆయన ఆటోలో దింపి, గేటు దగ్గర దండం పెట్టి పోయాడు. నాకు పెట్టాడో, బడికి పెట్టాడో అడగలేదు. వ్యాసాలు, చిన్న ప్రశ్నలు గబగబా రాసేశాను. చివర పటం తీశాను. థార్ ఎడారి, బ్రహ్మపుత్ర, ఆనైముడి, చిలికా, చెన్నై. అన్నీ మన చుట్టాలే అని నవ్వుకుంటూ పెన్సిలు ఎత్తాను. చెయ్యి కదలలేదు.

అది నా దేశం కాదు వదినె. నిలువుగా నిలబడి ఉంది. గుజరాత్ నా ఒళ్ళోకి రావలసింది ఎటో పక్కకు చూస్తున్నది. సరే అని కాగితం తిప్పాను. అయినా కుదరలేదు. ఎండ ముందున్న తలుపులోంచి పడుతున్నది, అంటే నా ముందు పడమర. పొయ్యి ఉండవలసిన వైపు బ్లాక్‌బోర్డు ఉంది. దేవుడి పటాల మూలలో చెత్తబుట్ట ఉంది. ముప్పై ఒకటి మార్కులు కళ్ళ ముందు కనబడ్డాయి. జులైలో కొత్త టీచర్ వచ్చి నాకు గిన్నెలు చూపిస్తున్నట్టు కనబడింది.

ఇక ఆలోచించలేదు. బెంచీ మీద వెనక్కి తిరిగి తూర్పు ముఖంగా కూర్చుని, వెనక బల్ల మీద నా పటం పరిచాను. ఆ బల్ల యోగేందర్ అనే క్యాబ్ డ్రైవర్‌ది. ఆయన బిత్తరపోయి తన కాగితాలు ఎత్తి పట్టుకున్నాడు.

ఇన్విజిలేటర్ ఉదయలక్ష్మి మేడమ్ పరుగున వచ్చింది.

"ఏందమ్మా, ఎనుకకు తిరిగినవ్?"

"తూర్పుకు కూసున్న మేడమ్. ముంగట పడమర ఉన్నది."

"పరీక్షల తూర్పేంది, పడమరేంది?"

"గిది భూగోళం ప్రశ్ననే గద మేడమ్."

ఆమెకు కోపం వచ్చి చూచిరాత అని పెద్ద సారును పిలిచింది. ఆయన నా కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు యోగేందర్ తన పటం ఎత్తి చూపించాడు. అది తెల్లగా ఉంది. "సార్, నాకే ఏం రాదు. గీ అమ్మ నాది చూసి ఏం రాస్తది?" అన్నాడు. పాపం, నా కోసం హాలు మొత్తానికి తన సంగతి చెప్పుకున్నాడు.

పెద్ద సారు నా పటం చూశాడు, అదీ తెల్లగానే ఉంది. వాస్తు సంగతి చెప్పాను. పొయ్యి, బిందె, బీరువా అన్నీ చెప్పాను. ఆయన మూతి బిగపట్టుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. చివరికి నన్ను అందరికీ దూరంగా, వెనక గోడ వైపు తూర్పుకు తిప్పి ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. కళ్ళు మూసుకున్నాను. మా గది వచ్చింది. పొయ్యి వచ్చింది. కిటికీ, బిందె, బీరువా, దేవుడు వచ్చారు. అయిదు చుక్కలు పెట్టాను.

కాగితాలు తీసుకునేటప్పుడు ఉదయలక్ష్మి మేడమ్ మెల్లగా వంగి, వాళ్ళ ఇంట్లో ఈశాన్యంలో మెట్లున్నాయని, ఏమైనా అవుతుందా అని అడిగింది. అన్నయ్య గారి నంబర్ ఇచ్చాను.

చుక్కలు సరిగ్గా పడ్డాయో లేదో తెలియదు. కానీ వదిలేసి మాత్రం రాలేదు.

మీ యాదలక్ష్మి (ఇప్పటికైతే ఆయా)


దిల్‌సుఖ్‌నగర్,
మే 3.

వదినకు,

ఉత్తరం చదివి ముందు ఏడ్చి, తర్వాత పడీపడీ నవ్వాను. ఇప్పుడు నా నేరం ఒప్పుకుంటున్నాను.

మీ పరీక్షకు తొమ్మిది రోజుల ముందు పై వాటా వాళ్ళ అమ్మాయి సింధు మా ఇంటికి వచ్చింది. దాని టెన్త్ అప్పుడే అయిపోయింది. నేను నేల మీద పరుచుకున్న పటం చూసి "మామ్మగారూ, ఇండియాని ఎందుకు పడుకోబెట్టారు?" అంది. పటానికి పైన ఉత్తరం పెట్టుకుని, దానికి ఎదురుగా కూర్చుని చూడాలట. పరీక్షలో అలాగే ఇస్తారట. నేను మీకు నాలుగు నెలలుగా దేశాన్ని పక్కకి తిప్పి నేర్పించాను.

చెబుదామని పెన్ను తీశాను. తొమ్మిది రోజుల్లో దేశాన్ని మళ్ళీ నిలబెట్టమంటే ఉన్నది కూడా పోతుందని భయం వేసింది. అందుకే బల్లలు ఎటున్నాయో చూసి రమ్మని, ఊరికే అని రాశాను. మీరు తప్పితే పాపం నాది. రోజూ సాయిబాబా గుడికి నిజంగానే వెళుతున్నాను.

నా ఇంగ్లీషు అయింది. వీధిలో ఏదైనా సమస్య గురించి అధికారికి ఉత్తరం రాయమన్నారు! కాలువ మూత రాశాను, అచ్చు గుద్దినట్టు. కళ్ళతో చూడమని కూడా రాశాను, మీరు దిద్దినా సరే.

కోటేశ్వరమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 6.

వదినా,

యాభై నాలుగు. ఇంగ్లీషులో యాభై నాలుగు! మిగతావన్నీ కూడా గట్టెక్కాను. సింధు ఫోనులో చూసి చెప్పింది. మూడుసార్లు చూపించుకున్నాను.

మెమో కాగితం చేతికి రాగానే మీ అన్నయ్యగారి ముందు పెట్టాను. ఎనభై నాలుగు నుంచి మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. నేను అలవాటు కొద్దీ కాఫీకి లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"కోటీ, నేను బి.ఏ. అని మీ నాన్నకి ఎవరు చెప్పారు?" అన్నారు.

"మీ నాన్నగారే."

"చదివాడన్నాడు. మూడో ఏడు ఇంగ్లీషు ఇంకా ఉండిపోయింది."

ఇల్లు కూలిపోయేలా నవ్వుకున్నాం. ఇన్నాళ్ళూ ఆయన నా మెట్రిక్ గురించి అంత గట్టిగా చెప్పింది ఎవరూ తన బి.ఏ. గురించి అడగకూడదనట. ఇప్పుడు ఫారం ఎక్కడిస్తారని అడుగుతున్నారు. ఇంగ్లీషు మేడమ్ గారు ఖాళీగా ఉంటారా అని కూడా.

అవన్నీ అలా ఉంచండి. మీ ఫలితం ఎందుకు రాయలేదు? శ్రీకళను అడగలేను, దాని మొహంలో ఏమీ తెలియడం లేదు. నాకు అన్నం దిగడం లేదు వదినా. ఏదైనా సరే రాయండి.

కోటేశ్వరమ్మ, పదో తరగతి (పాస్)


ఎల్.బి.నగర్,
జులై 12.

ప్రియమైన వదినెకు,

ఆలస్యానికి క్షమించండి. ఆర్డరు చేతికి వచ్చాక రాద్దామని ఆగాను. చేతికి రానిది రాస్తే జారిపోతుందేమోనని భయం.

సాంఘిక శాస్త్రంలో ముప్పై ఎనిమిది. పాసుకు ముప్పై అయిదు. పటం అయిదు మార్కులది కదా వదినె, అది తెల్లగా వదిలేసి ఉంటే ముప్పై మూడే. మీరు నాకు దేశాన్ని పడుకోబెట్టి నేర్పారు, నిజమే. కానీ ఇన్నేళ్ళలో నాకు దేశాన్ని చూపించింది మీరొక్కరే.

ఫలితం వచ్చిన రోజు మధ్యాహ్నం శ్రీకళ అన్నానికి వచ్చింది. ఒట్టు తీరింది కాబట్టి చెబుదామని నోరు తెరిచాను. ఆమె నా మాట వినకుండా బ్యాగులోంచి ప్లాస్టిక్ కవర్ల కట్ట తీసి నేల మీద పెట్టింది. దవాఖానలో మందులు వేసి ఇచ్చే చిన్న కవర్లు.

"మొదటి ఉత్తరానికే నూనె కారి నా బ్యాగంత ఖరాబైందమ్మా. గప్పటిసంది నేనే కవర్ల పెడుతున్న."

చదివావా అని అడిగాను. మొదటిది నూనె తుడుస్తుంటే నాలుగు లైన్లు కనబడ్డాయట, తర్వాత ఒక్కటి కూడా విప్పలేదట.

"మరి ఒక్కనాడన్న అడగకపోతివి?"

ఆమె చాలాసేపు కవర్లు లెక్కపెట్టినట్టు చూసింది. "ఇగ చాలు అన్నది నేనే గదమ్మా. గా మాట ఎట్ల వాపస్ తీసుకోవాల్నో తెల్వలే" అన్నది.

వదినె, నేను పరీక్ష హాల్లో కూడా ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. ఇద్దరం ఏడ్చి, తర్వాత బియ్యం ఏరిన రోజు గుర్తుకొచ్చి అన్నం చల్లారేదాకా నవ్వాము. ఆ బియ్యంలో ఒక్క రాయి లేదని ఆమెకు అప్పుడే తెలుసట.

నిన్న మొదటి రోజు. కుర్చీలో కూర్చోలేదు, అలవాటు లేదు. నేల మీద పటం పరిచి పిల్లలను నాలుగు పక్కలా కూర్చోబెట్టాను, ఎవరికి ఎటు నుండి వస్తే అటు నుండి చూసుకోనీ అని. మధు అనే నాలుగేళ్ళవాడు నేరుగా వెళ్ళి హిమాలయాల మీద కూర్చున్నాడు. దోషం అని చెబుదామనుకున్నాను. బాగా కనబడుతున్నదా అని అడిగాను. కనబడుతున్నదన్నాడు.

అన్నయ్య గారిని ఆదివారం నుండి రమ్మనండి. రోజుకు ఒక ఫిర్యాదు.

ఈ ఉత్తరం డబ్బాలో పెట్టలేదు. శ్రీకళ చేతికే ఇస్తున్నాను. కవరు అవసరం లేదు.

మీకు ఆగ్నేయంలో ఉండే
యాదలక్ష్మి,
అంగన్‌వాడీ టీచర్.